దిష్టి చుక్క

డాబాగార్డెన్స్‌లో మా ఫ్లెక్స్ షాపు
మెట్ల కింద. పైన కోచింగ్ సెంటరు.
మెషిన్ తిరుగుతుంటే ఇంకు వాసనకి
టీ కూడా టీలా ఉండదు.

పొద్దున్నే ఏజెన్సీ మెయిలు:
సిరిపురం హోర్డింగు, నలభై బై ఇరవై.
బొమ్మ పాతదే, మాట ఒక్కటే మార్చాలి.
"తెలుపు" తీసేసి "తేజస్సు" పెట్టాలి.
ఇప్పుడా మాట బాగోదట.
అమ్మాయి అదే,
బుగ్గ మీద పోయినేడు నేను రుద్దిన వెన్నెలా అదే.
మూతపడ్డ చిట్టీల కంపెనీ
పక్క సందులో కొత్త బోర్డు కట్టినట్టు
తెలుపు మళ్ళీ దుకాణం తెరిచింది.

ముందు "ముందు" ఉంటుందని
తర్వాత "తర్వాత" వస్తుందని
అందరూ అనుకుంటారు.
నా దగ్గర వరస వేరు.
వాళ్ళు పంపేది "తర్వాత" ఒక్కటే,
దాన్నుంచి "ముందు"ని నేనే కనాలి.
వెలుగుని ఎడమకి లాగి
కళ్ళ కింద చిటికెడు బూడిద చల్లి
పెదవి చివర వెంట్రుకంత దించితే చాలు,
ఉద్యోగం రానట్టుంటుంది.

"ఇంకొంచెం డల్" అన్నాడు ఫోన్లో విహారి.
ఎంత డల్ సార్?
"మామూలు అమ్మాయిలా, మేడమ్."

రంగు ఎక్కణ్నుంచి తేను?
కంప్యూటర్లో మా పైడమ్మ పిన్ని ఫొటో ఉంది,
ఆధార్ కోసం స్కాన్ చేసింది.
డ్రాపర్ తీసుకెళ్ళి ఆవిడ చెంప మీద నొక్కాను.
తెర మీద ఆరంకెలు పడ్డాయి.
"పర్ఫెక్ట్" అని జవాబొచ్చింది.

పిన్ని తెల్లారి మూడింటికి
ఫిషింగ్ హార్బర్ వేలంలో గొంతెత్తే మనిషి.
మోచేతుల దాకా ఐసు నీళ్ళు,
బుట్టలో వంజరం, నోట్లో అడ్డపొగ.
ఆ చెంప దిగులుపడగా నేను చూసింది ఒక్కసారే,
అదీ డీజిల్ ధర విని.
ఆ ఆరంకెల్నీ తెచ్చి
ఇంటర్వ్యూలో ఓడిపోయే మొహానికి పూశాను.

మందు అమ్మాలంటే ముందు రోగం పంచాలి కదా.
తెల్లకోటాయన డాక్టరు కాడు,
డాక్టరని ఎక్కడా రాయలేదు కూడా.
కోటు అబద్ధం ఆడదు, పక్కన నిలబడుతుందంతే.
"నూటికి తొంభై మంది" అంటారు,
అడిగింది నలభై మందినే.
ఆ తొంభై పక్కన చిన్న చుక్క గుర్తు,
పసిదాని బుగ్గకి కాటుక పెట్టినట్టు,
అంత అందమైన అబద్ధానికి దిష్టి తగలకుండా.

చుక్క కింద చీమ తలకాయంత అక్షరాల్లో
నిజం ఉంటుంది. నేనే టైపు చేస్తాను.
దాన్ని చదివేది ఊరంతటికీ అసిరినాయుడొక్కడే.
నడుముకి తాడు కట్టుకుని ఫ్లెక్సు బిగిస్తూ
జానెడు దూరం నుంచి కూడబలుక్కుంటాడు.
"సిత్రం ఊహ మాత్రమే అని రాసేరు మేడమ్,
మరా పిల్ల నేదా?"
ఉంది, ఎక్కడో.
ఆ మొహమే, ఆ పిల్లక్కూడా లేదు.

రెండు నెలల ఉప్పుగాలికి అంచులు చిరిగాయి.
దింపేటప్పుడు బరువని అసిరినాయుడు
నడిమికి కోశాడు.
"ముందు" సగం పిన్ని పట్టుకెళ్ళింది
జాలరిపేటలో సావళ్ళు ఎండబెట్టిన చోట
వానొస్తే కప్పడానికి.
ఆదివారం వెళితే ఇసకలో పరిచి చూస్తోంది.
"ఎవులే ఈ గుంట? అచ్చం మన నూకాలు నాగున్నాది.
ఏటి కట్టమొచ్చిందో గానీ
మంచి కళగల గుంటే."
నాలుగు మూలలా రాళ్ళు పెట్టింది.
నేనేం చెప్పలేదు.

సోమవారం ఇంకో సబ్బు వచ్చింది.
"పోయినసారి 'ముందు' లాగే చేసేయండి."
ఆ రంగు గడి మీద బాణం పెట్టి
ఊరికే కూర్చున్నాను. ఫోను మోగుతోంది.
పైన కోచింగ్ సెంటర్లో ఎవరో
గట్టిగా లెక్క చెప్తున్నారు:
నూటికి తొంభై అయితే
నలభైకి ఎంత?